పెరటి కంచెకు వాక్కాయ

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనలో నొక సామెత కలదు. చేరువనున్న వస్తువు గుణము కంటికి కనబడదని దాని భావము. ఈ సామెతకు వాక్కాయకంటె తగిన యుదాహరణము దొరకుట కష్టము. మన మెట్టభూములలోను, కొండవాలులలోను, పల్లెల పాతకంచెలలోను తనంత తాను పెరిగి, ఎవ్వరును నీరు పోయకున్నను ఏటేట కాయలు కాయు ఈ ముండ్లపొదను పెరటిలోనికి తెచ్చుకొనుట మాని, మనము చలిదేశముల పండ్లమొక్కలకై వెదకుచున్నాము.

ఇటీవల పట్టణములలోని నర్సరీలయందు బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ మొక్కల నడుగు గృహిణులు పెక్కుమంది కనబడుచున్నారు. పిల్లలకు చిన్నచిన్న పండ్లను చెట్టుననే కోసి తినిపింపవలెనను కోరిక మెచ్చదగినదే. కాని బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ పొదలలో పెక్కురకములకు శీతకాలమున కొన్నివందల గంటల గట్టిచలి తగిలినగాని మొగ్గలు నిద్రవదలి విచ్చవు. విజయవాడ, వరంగల్లు, కడప వంటి యూళ్లలో అంతటి చలి యెక్కడిది? ఎట్లో చలికాలము గడచినను వైశాఖమాసపు టెండలు వానిని బ్రతుకనీయవు. కుండీకి పైకము, మట్టికి పైకము, నీటికి శ్రమ, తుదకు నిరాశ: ఇదియే ఫలితమగుచున్నది.

అట్లని మన నేలకు చిన్నపండ్ల పొదలు లేకపోలేదు. రేగు, పరికి, బలుసు, ఫాల్సా, వాక్కాయ యివన్నియు ఎండకు వెఱవని మొండిజాతులే. బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునని మన పెద్దలు చెప్పు మాటలోనే, కఱవునాడు గూడ బలుసుపొద యాకు నిచ్చునను సంగతి యిమిడియున్నది. వేసవిలో హైదరాబాదు వీధులలో అమ్మకమునకు వచ్చు ఫాల్సాపండ్లు మిగుల రుచికరములు. కాని కోసిన ఒకటిరెండు దినములలోనే చెడిపోవును. వీనియన్నిటిలో ఇంటికి కంచెగను, వంటకు పులుపుగను, జాడీకి నిలువగను మూడువిధముల నుపకరించునది వాక్కాయ యగుటచే, దానిని గూర్చియే యిచ్చట విస్తరించి వ్రాయుచున్నాము.

వాక్కాయ పొద స్వరూపము

సంస్కృతమున కరమర్దమనియు, హిందీభాషలో కరోందా యనియు పేర్లుగల ఈ పొదకు 1767వ సంవత్సరమున స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు కారిస్సా కరండాస్ అని శాస్త్రనామ మొసగెను. కోస్తా జిల్లాలలో వాక్కాయ యనుపేరు వాడుకలో నున్నది. రాయలసీమలోను తెలంగాణములోను ఈ జాతిపొదలను, వీనికి దగ్గర చుట్టములై చిన్నకాయలు కాయు అడవిపొదలను కలివి యనియు, కలే యనియు పిలుచుట కలదు.

ఈ పొద సాధారణముగ ఆరు మొదలు పదియడుగుల యెత్తు పెరుగును. ఆకులు ఎదురెదురుగ నుండి, దళసరియై నిగనిగలాడుచు ఏడాది పొడవున పచ్చగ నుండును. కణుపులయందు జంటలుగ బిరుసైన ముండ్లు మొలచును. కొమ్మల చివరల గుత్తులు గుత్తులుగ పూచు తెల్లనిపూలు జాజిపూలను పోలి కమ్మని వాసన నిచ్చును. కాయ మొదట పచ్చగనుండి, ముదిరినకొలది తెలుపు గులాబి వన్నెలు కలసి బుగ్గలవలె మెరయుచు, పండినపిదప నల్లనేరేడు రంగునకు దిగును. కొమ్మ విరిచినను పచ్చికాయ కోసినను పాలు కారును.

ఈ పాలను గూర్చి తల్లులకొక హెచ్చరిక చేయవలసియున్నది. వాక్కాయ గన్నేరు కుటుంబమునకు చెందినది. వాక్కాయ పండు తినదగినదే గాని దాని చుట్టములైన గన్నేరును, పచ్చగన్నేరును ప్రాణాంతకమగు విషము గలవి. పచ్చగన్నేరు గింజలు తిని ప్రాణాపాయము తెచ్చుకొన్నవారు గలరు. కావున వాక్కాయ కంచెలో పచ్చగన్నేరును ఎన్నడును కలిపి నాటరాదు. ఒకపొద కాయ కోసి తినుట నేర్చిన పసిబిడ్డ ప్రక్కపొద కాయను గూడ నోట బెట్టుకొనుట సహజము. ఏది తినవచ్చునో ఏది కూడదో పిల్లలకు పొదయొద్దనే నిలిపి చూపవలెను.

విత్తుట, నాటుట

వాక్కాయను విత్తనముచే పెంచుట అందరికి సులభమైన మార్గము. బాగుగ నల్లబడిన పండ్ల నేరి, గుజ్జు పిసికి, గింజలను నీట కడిగి, నీడన తడి యారనిచ్చి, ఆలస్యము చేయక విత్తవలెను. ఈ గింజల మొలకెత్తు శక్తి త్వరలోనే నశించును. డబ్బాలో దాచి మరుసటి యేడు విత్తినచో మొలచునవి కొలదియే. కావున శ్రావణ భాద్రపదములలో, అనగా ఆగస్టు సెప్టెంబరు నెలలలో, పండు చేతికి వచ్చినప్పుడే విత్తుట మేలు. మన్ను, ఇసుక, చివికిన పశువుల యెరువు సమభాగములుగ కలిపి చిన్నసంచులలో నింపి, సంచికి రెండేసి గింజలను అరయంగుళము లోతున పెట్టి, నీడన నుంచి, తేమ యారిపోకుండ చూచుచుండవలెను. మొలకలు మెల్లమెల్లగ పెరుగును. ఆ నిదానమునకు విసుగుచెందరాదు. ఒక సంవత్సరము సంచులలోనే సాకి, మరుసటి తొలకరికి నేలలో నాటవలెను.

గింజనుండి వచ్చిన మొక్కలన్నియు తల్లిపొదను పోలియుండవు. ఒకదాని కాయ పెద్దది, మరియొకదాని కాయ చిన్నది కావచ్చును. మంచికాయ కాచు పొద యెక్కడనైన నున్నచో వానకాలమున దాని క్రిందికొమ్మ నొకదానిని వంచి, కొంతమేర బెరడు గీకి, మట్టిలో కప్పి, పైన రాయియుంచి నేలయంటు కట్టుట మంచిది. వేరు పట్టినపిదప తల్లినుండి వేరుచేసి నాటుకొనవచ్చును. కొమ్మముక్కలు పాతినచో అన్నియు బ్రతుకవు.

పెంపుడు రకములును గలవు. ఉత్తరాఖండమునందలి పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ యను మూడు రకములను రూపొందించిరి. మొదటిదాని కాయ తెలుపుపై ముదురుగులాబి, రెండవదాని కాయ తెలుపుపై లేతగులాబి, మూడవదాని కాయ పచ్చదనముపై ముదురుగోధుమ వన్నె గలిగియుండును. మహారాష్ట్రమున దాపోలియందలి కొంకణ వ్యవసాయ విద్యాపీఠమువారి రకమునకు కొంకణ్ బోల్డ్ అని పేరు. ఇవి దొరకినచో సంతోషమే. దొరకకున్న మన యూరి బజారులోని వాక్కాయ గింజయే చాలును.

నేల విషయమున దీనికి పట్టింపు లేదు. ఎఱ్ఱనేల, ఇసుకనేల, గులకరాతి నేల, కొంచెము చౌడుగల నేల గూడ సరిపడును. నీరు నిలుచు చోటుమాత్రము పనికిరాదు. వేరు కుళ్లి చచ్చును. ఒంటిపొదగ పెంచదలచినవారు రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుగల గుంటను వేసవిలోనే త్రవ్వి ఎండనిచ్చి, తొలకరికి ముందు పైమన్నుతో పదికిలోల చివికిన పశువుల యెరువును, రెండుపిడికిళ్ల వేపపిండిని కలిపి పూడ్చవలెను. పొదకును పొదకును ఎనిమిదడుగుల యెడ ముండవలెను. కంచెగ నాటదలచినవారు అడుగున్నర వెడల్పు లోతుగల కాలువ త్రవ్వి రెండుమూడడుగుల కొకటిగ నాటినచో మూడునాలుగేండ్లలో కోళ్లుగాని మేకలుగాని దూరజాలని గోడ యేర్పడును. కాని నడకదారికిని, పిల్లలాడు చోటునకును, నూతిగట్టునకును నాలుగడుగుల దూరమైన నుండునట్లు చూచుకొనవలెను. ముల్లు గట్టిగ దిగినచో గాయము కడిగి, అవసరమైనయెడల ధనుర్వాతపు సూదిమందు వేయించుకొనుట యుచితము.

నేలలేని మేడయిండ్లవారు నిరాశ చెందనక్కరలేదు. అడుగున్నర వెడల్పు లోతులుగల తొట్టి, అడుగున నీరు పోవు రంధ్రములతో, ఒకపొదకు చాలును. నేలపై పొద యిచ్చినన్ని కాయలు రాకున్నను, పప్పునకు పచ్చడికి లోటుండదు.

మొదటి రెండేండ్లు

మొండిమొక్క యనగా పుట్టిననాటినుండియు మొండియని యర్థముకాదు. ఈ భేదము తెలియకయే పెక్కుమంది నాటిన నెలకే మొక్కను మరచి, వేసవిలో ఎండిపోయినపిదప, మా నేలకు వాక్కాయ రాదని చెప్పుచున్నారు. వేరు లోతునకు దిగువరకు దానికిని పసిబిడ్డకువలె పోషణ కావలయును. నాటిన మొదటి రెండు వేసవులలో వారమున కొకమారు ఒక బిందెడు నీరు మొదట పోసి, చుట్టును మూడంగుళముల మందమున ఎండుటాకులు పరచవలెను. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు దీనికి చాలును. సబ్బునీరును ఉప్పునీరును పోయరాదు. దినదినము కొంచెము కొంచెముగ తడుపుటకంటె వారమున కొకమారు నిండుగ పోయుట మేలు. పైపైన తడిపినచో వేళ్లు పైపైననే యుండి ఎండకు వాడును. లోతున తడిపినచో తడిని వెదకుచు లోతునకు దిగును. మూడవయేట నుండి కఱవు సంవత్సరమున దక్క నీటి ప్రసక్తి లేదు.

ఈ గుణము స్త్రీలకెంతటి యుపకారమో వేరుగ చెప్పనేల? మే నెలలో వీధికొళాయి యొద్దనో నీటిబండి యొద్దనో బిందెలతో నిలుచువారు మన యిండ్లలో ఎవరు? ఇంటి కెన్ని బిందెలు కావలయునో లెక్క తెలిసినవారు స్త్రీలే. తోటపేరిట మరి నాలుగు బిందెల భారము వారినెత్తిన బెట్టు మొక్కలు అందముగ నున్నను, అది యెవరి శ్రమపై నిలిచిన యందమో యోచింపవలెను.

మేమెరిగిన యొక సముద్రతీరపు గ్రామమున ఒక గృహమునందు నూయి యున్నను నీరుప్పగ నుండుటచే మంచినీరు బయటినుండి తేవలసియుండెను. గులాబులును క్రోటనులును ఒక్కొక్కటిగ పోయినవి. వాక్కాయ వరుసమాత్రము నిలిచినది. కొత్తగ కాపురమునకు వచ్చిన కోడలు మండుటెండలో ఆ పొదలను చూచి జాలిపడి, "అత్తయ్యగారూ, వీనికి గూడ రెండు చెంబులు పోయుదునా?" అని యడిగెను. అందులకా వృద్ధురాలు, "వద్దమ్మా, దాని నీరు దానికి తెలియును. నీవా రెండు చెంబులు కరివేపమొక్కకు పోసి నీడకు రమ్ము" అనెను. తోటపనిలో ఏ మొక్కకు నీరు పోయవలెనో తెలియుటయెంతయో, ఏ మొక్కకు పోయనక్కరలేదో తెలియుటయు నంతయే యని మా కామాటలలో తోచినది.

కత్తిరింపు

పూలగుత్తులు కొమ్మల చివరల వచ్చునని పైన వ్రాసితిమి. కత్తిరింపునకు కీలకమంతయు అందే యున్నది. కంచెను ఎల్లప్పుడు గోడవలె నునుపుగ కత్తిరించుచుండువారు పూత వచ్చు కొనలనన్నిటిని తీసివేయుచున్నారు. పిదప కాయలు లేవని వగచిన లాభమేమి? కాయలు కోయుట ముగిసిన వెంటనే, భాద్రపద ఆశ్వయుజములలో, ఒక్కమారు ఎండుకొమ్మలను, లోపలికి చొచ్చినవానిని, దారికడ్డువచ్చు కొనలను తీసివేసి, తరువాత వచ్చు చిగుళ్లను పూతకు విడువవలెను. కోసిన ముండ్లకొమ్మలను నారుమడులచుట్టు పరచినచో కోళ్ల బాధ యుండదు. పొద మొదలున జానెడెత్తువరకు కొమ్మలు తీసి, ఎండాకును చెత్తను అప్పుడప్పుడు ఊడ్చుచుండవలెను. లేనియెడల పాములకు చల్లనిచోటగును.

చీడలు దీనికి తక్కువ. ఆకులు తిను గొంగళిపురుగులు కనబడినచో పుల్లతో ఏరివేయుట చాలును. తెల్లని పిండివంటి పురుగు పట్టినచో నీటిని బలముగ చిమ్మి కడిగివేసిన పోవును. ఏటేట తొలకరికి గంపెడు చివికిన యెరువు మొదటివేసి మన్ను కలుపుటయే దీని పోషణ.

కాపు, వంట

విత్తిన మొక్క నాటిన మూడవయేటికి కాపునకు వచ్చును. మాఘ ఫాల్గుణములలో పూయ మొదలిడి, జ్యేష్ఠమునకు పచ్చికాయయు, ఆషాఢ శ్రావణములలో పండును అందును. పెరిగిన పొద మూడునాలుగు కిలోల కాయల నిచ్చుట సాధారణము. ఈ కాలము గృహిణికి మిక్కిలి యనుకూలమైనది. అప్పటికి మామిడికాయ పులుపు ముగియును. చింతకాయ యింకను రాదు. ఇంటిలో నున్నది పాతచింతపండు. సరిగ ఆ సమయమున పెరటిలో తాజా పులుపు సిద్ధముగ నుండును.

వాక్కాయను కోయునప్పుడు చేతికిని కత్తికిని కొంచెము నూనె రాచుకొన్నచో పాలజిగురంటదు. నిలువున రెండుగ చీల్చి, లోపలి గింజలను తీసి, ఉప్పునీటిలో కొంతసేపుంచి కడిగినచో మిగిలిన జిగురును వగరును పోవును. కళాయిలేని ఇత్తడిపాత్రలయందును అల్యూమినియముపాత్రలయందును ఈ పులుపును వండరాదు; స్టీలుపాత్రగాని మట్టిపాత్రగాని తగినది.

వాక్కాయపప్పునకు ఒక గ్లాసు కందిపప్పును ముందుగ మెత్తగ ఉడికించి, పిదప పది పండ్రెండు కాయల చీలికలను, నాలుగు పచ్చిమిరపకాయలను, పసుపును, ఉప్పును చేర్చి ఉడుకనిచ్చి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకుతో తిరుగబోత పెట్టవలెను. పులుపును ముందే చేర్చినచో పప్పు యెంతసేపటికిని మెత్తబడదు. కొబ్బరితో నూరిన పచ్చడియు, వాక్కాయ పులిహోరయు ఇట్లే రుచికరములు. మాంసాహారులు చేపలపులుసునందును వాడుదురు.

నిలువపచ్చడికి కిలో గట్టిపచ్చికాయలను కడిగి, తడిలేకుండ తుడిచి, చీల్చి గింజలు తీసి, నూటయేబది గ్రాముల ఉప్పు, అంతే కారము, ఏబది గ్రాముల ఆవపిండి, వేయించి పొడిచేసిన మెంతులు రెండు చెంచాలు, చెంచాడు పసుపు కలిపి, మూడువందల గ్రాముల నువ్వులనూనె పోసి జాడీలో పెట్టవలెను. మూడవనాడు పొడిగరిటెతో కలిపి, ఉప్పు చూచి, ముక్కలపై నూనె తేలునట్లు సరిచేసికొనవలెను.

పిల్లల కిష్టమైన జెల్లీకి వాక్కాయను మించినది లేదు. ఏలయన రసమును గట్టిపరచు పెక్టిను దీనియందు సమృద్ధిగ నున్నది. పండినకాయలు మూడువంతులు, దోరకాయలు ఒకవంతు తీసికొని, మునుగునంత నీటిలో మెత్తగ ఉడికించి, పలుచని గుడ్డలో వ్రేలాడగట్టి, పిండక, తనంత జారిన రసము పట్టవలెను. గ్లాసు రసమునకు గ్లాసు పంచదార చేర్చి కాచుచు, పైకివచ్చు నురుగును తీసివేయుచు, చల్లనిపళ్లెముపై వేసిన చుక్క జారక నిలుచు పాకమున దింపి సీసాలలో పోయవలెను.

బజారులో బన్నులపైనను కేకులలోను మిఠాయి కిళ్లీలలోను కనబడు ఎఱ్ఱని చెర్రీపండ్లను మన పిల్లలు మక్కువతో తిందురు. అందులో చాలభాగము చెర్రీలే కావనియు, వాక్కాయలను గింజతీసి, రంగు పోగొట్టి, పాకములో నూరబెట్టి, ఎఱ్ఱరంగు వేసినవనియు ఎందరికి తెలియును? మన కంచెలో గౌరవము దొరకని కాయయే పరాయిపేరు పెట్టుకొని అద్దాలబీరువాలో కూర్చున్నది.

ఆరోగ్యవిషయము

వాక్కాయ తిన్నచో రక్తము వృద్ధియగునని పెక్కుచోట్ల చెప్పుచున్నారు. ఈ మాటను తూచి గ్రహింపవలెను. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారు. ఆంధ్రప్రదేశమున ఈ లెక్క 58.8, తెలంగాణమున 57.6. ఇంతటి వ్యాధికి నాలుగు వాక్కాయలు మందనుకొనుట ప్రమాదకరము. గర్భిణులును బాలింతలును వైద్యులిచ్చు ఇనుపమాత్రలను మానరాదు. అయినను ఒక మేలుమాత్రము నిజము. పప్పులలోను ఆకుకూరలలోను నున్న యినుము మన దేహమున కంత సులభముగ పట్టదు. పుల్లనిపండ్లయందలి సి విటమినును ఆమ్లములును ఆ యినుము పట్టుటకు తోడ్పడును. పప్పును తోటకూరను వండు దినమున ప్రక్కన తాజా వాక్కాయ పచ్చడి యుండుట అందుచే తగినదే. అన్నిటికంటె ముఖ్యము, పొయ్యియొద్ద నిలిచి వడ్డించిన గృహిణి ఆ కూరయు పచ్చడియు తనకును మిగుల్చుకొని తినవలెను. ఈ యౌషధమునే మనము తరచుగ మరచుచున్నాము.

పోవుచున్న కంచెలు

ఇంతవరకు ఇంటిలాభమును చెప్పితిమి. ఇక పొద పక్షమున గూడ ఒకమాట చెప్పవలసియున్నది. పల్లెలలో పచ్చనికంచెలుండిన చోట్ల సిమెంటుగోడలును ముండ్లతీగయు వచ్చినవి. పొదలుగల బీడులు పొలములుగను, ఇండ్లస్థలములుగను మారుచున్నవి. ఆ పొదలపై నాధారపడినవారు మనుష్యులే కారు. కడప ప్రాంతమున కలివిపొదల నడుమ తిరుగునది గావున కలివికోడి యని పేరువడిన యొక పక్షి కలదు. 1900 సంవత్సరము తరువాత దానిని చూచినట్లు ఆధారము లేకపోగా, నశించినదనియే పండితులు తలచిరి. 1986లో లంకమల కొండల చేరువ ముండ్లపొదలలో అది మరల కనబడెను. అప్పటినుండియు దాని రక్షణకై ఆ పొదలను కాపాడుటయే మొదటిపని యైనది. ముండ్లపొదయని మనము నరికించునది మరియొక ప్రాణికి ఇల్లు.

మన పెరటి వాక్కాయలు ఆ పక్షికి నివాసము కాజాలవు. అడవిపొదను అడవియందే కాపాడవలెను. కాని మన యూళ్లయందు ఈ జాతి విత్తనము నిలుచుటకు మాత్రము పెరళ్లు చాలును. వానకాలపు సంతలో గంపతో వాక్కాయలు తెచ్చి కుప్పలుగ పోసి అమ్ము అవ్వలు ఇంకను గలరు. కొండలును కంచెలును తిరిగి, ముండ్లు గీరుకొన్న చేతులతో వారు తెచ్చిన కాయలను బేరమాడక కొనుడు. ఆ కాయ లెక్కడివో యడిగి తెలిసికొనుడు. పొద లెచ్చట మిగిలియున్నవో వారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు.

సోదరీమణులారా, ఈ వానకాలమున మీరు కొన్న వాక్కాయలలో బాగుగ పండిన పదింటిని వేరుచేసి, ఆనాడే గింజలు విత్తుడు. మరుసటి తొలకరికి మొలచినవానిలో మూడు నిలిచినను చాలును. ఒకటి మీ పెరటిలో నాటుడు. ఒకటి ఇరుగుపొరుగువారి కిండు. మూడవదానిని, ఆడపిల్ల పుట్టినింటినుండి అత్తవారింటికి పోవునప్పుడు సారెతోబాటు పంపుడు. మూడేండ్లలో ఆమె తన పెరటిలో తాను కోసిన కాయలతో పప్పు వండుకొనును. ఆ పొదకై ఆమె మండువేసవిలో బిందె మోయనక్కరలేదు.